హోప్ ఐలాండ్‌లో ఒక్క రోజు పక్షులు చూసి రావాలంటే: ముందు పోటు లెక్క, తర్వాతే మిగతావి

కాకినాడ నుంచి హోప్ ఐలాండ్‌కి పక్షుల కోసం వెళ్లి, "నాలుగు కొంగలు తప్ప ఏమీ లేవండీ" అంటూ తిరిగొచ్చేవాళ్లు చేసే తప్పు సాధారణంగా ఒకటే. ఆదివారం చూసుకుని వెళ్తారు, సముద్రపు పోటు చూసుకుని వెళ్లరు. ఆ దీవి దగ్గర పక్షి ఎక్కడుంటుందో, పడవ ఎక్కడిదాకా పోతుందో, మీరు ఎంతసేపు నిలబడగలరో తేల్చేది నీటిమట్టమే. సెలవు పెట్టడం, రైలు టికెట్టు, పడవ మాట్లాడటం తర్వాత. ముందు పోటు పట్టిక తీయండి.

చోటు గురించి కొంచెం తెలిస్తే ఆ పట్టిక ఎందుకో అర్థమవుతుంది. గోదావరి తెచ్చి పోసిన ఇసుక, ఒండ్రు అలల తాకిడికి ఉత్తరంగా జరిగి, గత రెండు వందల ఏళ్ల పైచిలుకులో పేరుకున్న తిప్ప ఇది. పొడవు సుమారు 16 కిలోమీటర్లు, వెడల్పు మాత్రం చాలా తక్కువ. మ్యాపులో తోకకప్పలా ఉంటుంది. దీనికీ ఊరికీ మధ్య చిక్కిన నీరే కాకినాడ అఖాతం. తూర్పు ఒడ్డున బంగాళాఖాతం అలలు కొడుతుంటే, పడమటి ఒడ్డున లోతులేని నిమ్మళమైన బురద నీళ్లు. దక్షిణాన కోరింగ మడ అడవులు, 1978లో అభయారణ్యంగా ప్రకటించినవి, 235.7 చదరపు కిలోమీటర్లు. ఉప్పెనకి అడ్డం నిలిచి కాకినాడ రేవుని కాచే ఈ తిప్పే పక్షులకీ ఆసరా. మేత బురదలో దొరుకుతుంది, పోటు వేళ నిలబడటానికి పొడి ఇసుక దొరుకుతుంది, రెండింటికీ మధ్య కాసింత రెక్కల దూరం.

పోటు పట్టిక చదవడం

రోజుకి రెండు పోట్లు (నీరు ఎక్కి నిండటం), రెండు పాట్లు (నీరు దిగిపోవడం). ఒక పోటుకీ మరో పోటుకీ మధ్య దాదాపు 12 గంటల 25 నిమిషాలు. అందుకే ఈరోజు ఉదయం 9:20కి పోటు నిండితే రేపు 10:10 ప్రాంతంలో, ఎల్లుండి 11 గంటలకి నిండుతుంది. రోజుకి ఇంచుమించు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. అమావాస్య, పున్నమి దాటిన ఒకటి రెండు రోజుల్లో పెద్ద పోటు, అష్టమి దాటాక చిన్న పోటు. ఇంట్లో గోడమీది క్యాలెండర్‌లో తిథి చూసినా నెలలో ఏ వారం పనికొస్తుందో ఉజ్జాయింపుగా తెలిసిపోతుంది. గంటలు, మీటర్లు మాత్రం పట్టికలోంచే తీసుకోవాలి. హైదరాబాద్ ప్రగతి నగర్‌లో ఉన్న ఇన్‌కాయిస్ (సముద్ర సమాచారం ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ) వెబ్‌సైటులో రేవుల వారీగా పోటు అంచనాలు దొరుకుతాయి. కాకినాడ పేరుతో ఉన్నదే చూడండి. విశాఖ పట్టిక పట్టుకొచ్చి సరిపెట్టుకుంటే సమయమూ, ఎత్తూ తేడా వస్తాయి.

గుజరాత్‌లో భావనగర్ వైపు పోటూ పాటుల మధ్య తేడా పది మీటర్ల దాకా ఉంటుంది. ఇక్కడ పెద్ద పోటు రోజుల్లో కూడా ఒకటిన్నర మీటరు చుట్టుపక్కలే. ఇంతేనా అనిపించవచ్చు. కానీ అఖాతం అడుగు పళ్లెంలా చదునుగా ఉండటం వల్ల జానెడు నీరు దిగితే వందల మీటర్ల బురద బయటపడుతుంది. పాటు వేళ ఆ బురద నిండా పక్షులు చెదిరిపోయి ఉంటాయి. దుర్భిణిలో చూస్తే ఎండమావిలో కదిలే చుక్కలు. వాటి దగ్గరికి నడిచే వీలుండదు, పడవా వెళ్లదు. నీరు ఎక్కుతున్న కొద్దీ అవే పక్షులు అంచు వెంట వెనక్కి జరుగుతూ వచ్చి, చివరికి మునగని ఇసుక మీద గుంపుగా చేరతాయి. ఆ గుంపును చూడటానికే ఈ ప్రయాణం.

కాబట్టి పోటు ఉదయం 9 నుంచి 11:30 మధ్య నిండే రోజు ఎంచుకోండి. అలాంటివి పదిహేను రోజులకోసారి, వరసగా మూడు రోజులు దొరుకుతాయి. మధ్య రోజు అన్నిటికన్నా మేలు, అటూ ఇటూ ఒక రోజు వెసులుబాటు ఉంటుంది. పోటు మరీ పెద్దదైతే ఇంకో చిక్కు: బయటి తిప్పలన్నీ మునిగి, పక్షులు ఎక్కడెక్కడికో లేచిపోతాయి. మరీ చిన్నదైతే బురద పూర్తిగా మునగదు, పక్షులు ఒక చోట చేరవు. రెండింటికీ మధ్యస్థంగా, ఇంకొంచెం పెద్ద వైపున ఉన్నదే మంచిది.

పట్టికలో అంకె లెక్కగట్టింది మాత్రమేనని గుర్తుంచుకోండి. ఈశాన్య గాలి రెండు రోజులు బలంగా వీస్తే నీరు ఒడ్డుకి నెట్టుకొచ్చి, రాసిన దానికన్నా ఎక్కువే ఎక్కుతుంది. నేల వైపు నుంచి గాలి వీచి సముద్రం వైపు నెడితే తగ్గుతుంది.

ఏ తిప్ప తేలి ఉంటుందో ఇంట్లోనే తెలుసుకోవడం

గూగుల్ మ్యాపులో కనిపించే హోప్ ఐలాండ్ అంచుని నమ్మి బయల్దేరకండి. ఇసుక తిప్ప ఏటా రూపు మారుతుంది, ఒక్క వాయుగుండంతో కొస విరిగి వేరే తిప్పగా మారవచ్చు. సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు కోపర్నికస్ బ్రౌజర్ అనే వెబ్‌సైటులో ఉచితంగా చూడవచ్చు. అయిదు రోజులకోసారి కొత్తది వస్తుంది, మబ్బు లేని రోజుదైతే పది మీటర్ల వివరం తెలుస్తుంది.

ఇందులో ఒక కిటుకు ఉంది. ఆ ఉపగ్రహం మన మీదుగా పోయేది ఎప్పుడూ ఉదయం పదిన్నర ప్రాంతంలోనే. మన గడియారం నడిచే 82.5 డిగ్రీల రేఖాంశం కాకినాడ పక్క నుంచే పోతుంది కాబట్టి, ఇక్కడ సూర్యుడి గంటకీ చేతి గడియారానికీ పెద్ద తేడా ఉండదు. గత రెండు మూడు నెలల చిత్రాలు నాలుగైదు తీసి, ఆ తేదీల్లో పదిన్నరకి నీరు ఎంత ఎత్తులో ఉందో పోటు పట్టికలో చూసి పక్కన రాసుకోండి. 0.6 మీటర్ల దగ్గర ఏ తిప్ప తేలి ఉంది, 1.2 దగ్గర ఏది మిగిలింది, ఏది మునిగింది అన్నది మీ కళ్లముందే తెలుస్తుంది. 1.2 దగ్గర కూడా తేలి ఉండి, మత్స్యకారుల పాకలకీ పడవలు ఆగే చోటుకీ దూరంగా ఉన్న తిప్పే పక్షులు చేరే చోటు అయ్యే అవకాశం ఎక్కువ. అక్షాంశ రేఖాంశాలు ఫోనులో గుర్తు పెట్టి, మ్యాపు ఆఫ్‌లైన్‌లో దించుకోండి. ఈ గంట పనిని అందరూ ఎగ్గొడతారు. పడవలో కూర్చుని "అటు పోనివ్వండి, ఇటు పోనివ్వండి" అంటూ డీజిల్ తగలేసేది కూడా వాళ్లే.

ఏ నెల

వలస ఉల్లంకి పిట్టలు ఆగస్టు, సెప్టెంబరు నుంచే దిగుతాయి. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. 1839 నవంబరులో కోరింగ రేవుని ఊడ్చేసిందీ, 1996 నవంబరులో కోనసీమ కొబ్బరిని నేలకూల్చిందీ ఈ రోజుల్లోనే. బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న మాట వినపడితే ప్రయాణం వాయిదా వేసుకోండి, అది దాటాక కూడా రెండు రోజులు ఆగండి. అలలు వెంటనే తగ్గవు.

డిసెంబరు మొదలు ఫిబ్రవరి సగం దాకా అన్నిటికన్నా అనువైన కాలం. దాని చిక్కు పొగమంచు. డెల్టాలో జనవరి పొద్దున్న మంచు కమ్మితే సరంగు (పడవ నడిపే ఆయన) ఎంత ధైర్యం చెప్పినా అది తేలేదాకా ఒడ్డునే ఉండండి. రేవుకి వచ్చే పెద్ద ఓడలు మీ పడవను చూసి ఆగలేవు. మార్చిలో ఎండ ముదురుతుంది కానీ, పక్షులు పెళ్లిబట్టలు కట్టుకునేది అప్పుడే. చలికాలమంతా బూడిదరంగులో ఒకేలా కనిపించినవి ఎర్రబారి, నల్ల మచ్చలు తేలి, గుర్తుపట్టడం తేలికవుతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో వేట నిషేధం. పక్షులూ అప్పటికి చాలావరకు వెళ్లిపోయి ఉంటాయి.

జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఈ ఇసుకలో గుడ్లు పెడతాయి. ఆ నెలల్లో ఎక్కడ నడవాలి, ఎక్కడ నడవకూడదు అన్నదానికి కింద ఒక నియమం ఉంది.

అనుమతి, పడవ

పోటు రోజు కుదిరాక, కనీసం పది రోజుల ముందు కోరింగ అభయారణ్యం అటవీ అధికారులను కలవండి లేదా రాయండి. ఎంతమంది, ఏ తేదీ, పక్షులు చూడటానికి, ఫలానా పడవలో అని ఒక్క పేజీలో రాసి ఆధార్ నకళ్లు జతచేయండి. పర్యాటక పడవలు ఆ వారం తిరుగుతున్నాయో లేదో కూడా అక్కడే తెలుస్తుంది. పోయినేడు తిరిగాయి కదా అనుకోవద్దు. రేవు, చమురు గ్యాస్ కట్టడాల వైపు కెమెరా తిప్పకండి. డ్రోన్ ఆలోచన ఇంట్లోనే వదిలేయండి. అది చట్టానికి చిక్కు, పక్షికి డేగ.

పర్యాటక పడవలో ఒక ఇబ్బంది ఉంది. అది దాని వేళకి వెళ్లి దాని వేళకి వస్తుంది, పోటుతో దానికి పనిలేదు. పోటు వేళకి వెళ్లాలంటే నలుగురైదుగురు కలిసి పడవ మాట్లాడుకోవాలి. ఆరుగురు దాటితే పక్షులే ముందు లేచిపోతాయి. ప్రయాణికులను ఎక్కించడానికి అనుమతి ఉన్న పడవే మాట్లాడండి, చేపల పడవ చవగ్గా వస్తుందని ఎక్కకండి. ఎక్కే ముందు తలకో లైఫ్ జాకెట్ లెక్కపెట్టండి. పట్టీలు తెగినవి లెక్కలోకి రావు. ఎక్కినప్పుడు వేసుకుని దిగినప్పుడే విప్పాలి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటక పడవ మునిగి ఏం జరిగిందో తెలిసిన గోదావరి జిల్లాల వాళ్లకి ఇంతకన్నా చెప్పనక్కరలేదు.

బేరంలో డబ్బు ఒక్కటే మాట్లాడి వదిలేస్తే దీవి దగ్గర గొడవ మొదలవుతుంది. "పోయి రావడానికి" అని కాదు, "రోజు మొత్తానికి" అని మాట్లాడండి. డీజిల్ అందులోనే ఉందా? మీరు దిగాక పడవ అక్కడే లంగరేసి ఉంటుందా, లేక వలకి పోయి మళ్లీ వస్తుందా? పోతే మాత్రం ఒప్పుకోకండి. ఎవరికైనా దెబ్బ తగిలితే, గాలి మారితే మీ చేతిలో పడవ ఉండాలి. తిరుగు ప్రయాణం గంట ముందే తేల్చుకుని, ఆ గంట మీరే దాటించకండి.

సరంగుతో పోటు గురించి ఒక్క నిమిషం మాట్లాడండి. పట్టికలో లేని విషయం ఆయనకి తెలుసు: ఉప్పుటేరు మొగ (అది అఖాతంలో కలిసే చోటు) దగ్గర ఈ ఏడు ఇసుక ఎక్కడ మేట వేసింది, నీరు ఎంత దిగితే పడవ అడుగు తగులుతుంది అన్నది. "రేపు పదింపావుకి పోటు నిండుతుందంట, ఒంటిగంటకి బయల్దేరితే మొగ దాటతామా అండీ?" అని అడగండి. ఆయన లెక్కకీ మీ లెక్కకీ తేడా వస్తే ఆయన మాటే వినండి.

రోజు నడక

పోటు 10:15కి నిండే రోజు అనుకుందాం. అంటే తెల్లవారుజామున 4 గంటలకి పాటు, మళ్లీ సాయంత్రం 4:30కి పాటు.

ముందురోజే కాకినాడ చేరండి. హైదరాబాద్ నుంచి గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో నేరుగా రావచ్చు, లేదా మెయిన్ లైనులో సామర్లకోట దిగి ఆటో ఎక్కవచ్చు. పొద్దున్నే దిగే రైలు నుంచి తిన్నగా జెట్టీకి పోదామన్న ఆలోచన వద్దు. రైలు గంట ఆలస్యమైతే పోటు ఆగదు. ముందురోజు సాయంత్రం ఖాళీగా ఉంటే యానాం రోడ్డులో కోరింగ మడ అడవి చెక్కవంతెన మీద నడిచి రండి. నల్లతల లకుముకి, మడచెట్ల మొదళ్లలో తిరిగే చిన్న కొంగలు దీవి కన్నా అక్కడే దగ్గరగా కనిపిస్తాయి. తిల్ల చెట్టు కొమ్మ విరవకండి, దాని పాలు కంట్లో పడితే ఆ రోజుతో పాటు మర్నాడూ పోతుంది.

జనవరిలో ఇక్కడ పొద్దు పొడిచేది ఆరున్నరకి. 6 గంటలకి జెట్టీ దగ్గర ఉండి, వెలుగు రాగానే బయల్దేరండి. అప్పటికి నీరు రెండు గంటలుగా ఎక్కుతోంది కాబట్టి మొగ దాటడం తేలిక. పడవనీ, దిగే చోటునీ బట్టి గంట నుంచి గంటన్నర పడుతుంది. దారిలో బురద అంచులు చూసుకుంటూ పోవచ్చు కానీ ఫొటోల మీద ఆశ పెట్టుకోకండి. మీరు పడమటి నుంచి పోతున్నారు, సూర్యుడు ఎదురుగా ఉంటాడు, పక్షులన్నీ నల్లటి బొమ్మల్లా కనిపిస్తాయి.

దీవి ఎక్కాక వెలుగు మీ వైపుకి వస్తుంది. ఉదయం పూట దీవి మీద నిలబడి పడమటగా అఖాతం వైపు చూస్తే సూర్యుడు వీపు వెనుక ఉంటాడు, ప్రతి ఈక కనిపిస్తుంది. మధ్యాహ్నం దాటితే తూర్పు ఒడ్డు బాగుంటుంది. పొద్దున అఖాతం వైపు, తర్వాత సముద్రం వైపు. ఈ వరస తిప్పితే రెండు చోట్లా ఎండకి ఎదురుగా కళ్లు పెట్టి కూర్చోవాల్సి వస్తుంది.

దిగే చోట జెట్టీ ఉంటుందని అనుకోవద్దు. తొడల లోతు నీళ్లలో దిగాల్సి రావచ్చు. వట్టికాళ్లతో దిగకండి. గుల్లలు, మడచెట్ల శ్వాసవేళ్లు కోస్తాయి. చెప్పులు బురదలో ఉండిపోతాయి. పాత కాన్వాస్ బూట్లు, తాడు గట్టిగా బిగించి, అంతే. నీళ్లలో అడుగు ఎత్తి వేయకుండా ఈడ్చి నడవండి. అడుగున పడుకున్న టేకు చేప అలికిడికి తప్పుకుంటుంది, తొక్కితే ముల్లు దింపుతుంది. బురద మోకాలి దాకా దిగితే ముందుకి పోవద్దు, వచ్చిన అడుగుల్లోనే వెనక్కి రండి.

8:30 కల్లా, అంటే పోటు నిండటానికి గంటా నలభై అయిదు నిమిషాల ముందే, గుర్తుపెట్టుకున్న తిప్పకి 150 మీటర్ల దూరంలో కూర్చుని ఉండాలి. నిలబడటం కాదు, కూర్చోవడం. ఇసుక మీద మనిషి నిలువెత్తున కనిపిస్తే పక్షి మైలు నుంచే చూస్తుంది. ముందే కూర్చుని కదలకుండా ఉంటే నీరు తోసుకొచ్చిన పక్షులు వాటంతట అవే దగ్గరికి వస్తాయి. అవి చేరాక మీరు నడిచి వెళ్తే మాత్రం మొత్తం గుంపు లేచిపోతుంది. రంగు బట్టల గొడవ అంత పెద్దది కాదు, తెల్ల చొక్కా తప్ప ఏదైనా పర్వాలేదు. కదలికే వాటిని బెదిరిస్తుంది.

10:15 నుంచి 11:30 దాకా నీరు నిలిచినట్టే ఉంటుంది, పక్షులు తలలు రెక్కల్లో దూర్చి ఒంటికాలి మీద నిద్రపోతాయి. లెక్కపెట్టడానికి ఇదే వేళ. పదకొండు దాటాక ఇసుక మీద వేడి ఆవిరి లేచి, టెలిస్కోపులో అంతా వణుకుతుంది. 60 రెట్లు పెంచినా ఆ వణుకే పెద్దదవుతుంది. 25, 30 రెట్లకి దించి, వీలైనంత తక్కువ దూరాలే చూడండి. నీరు తీయడం మొదలవగానే గుంపులు బురద వైపు జారుకుంటాయి. అప్పుడు లేచి, తూర్పు ఒడ్డుకి నడవండి. అల వెనక్కి పోగానే ముందుకి, అల రాగానే వెనక్కి పరుగులు తీసే తెల్లటి సాండర్లింగ్‌లు అక్కడే ఉంటాయి. ఆ సముద్రంలో స్నానానికి దిగకండి, లాగేస్తుంది.

ఒంటిగంటకి పడవలో ఉండాలి. మధ్యాహ్నం ముదిరే కొద్దీ సముద్రపు గాలి లేచి అఖాతంలో కెరటం పెరుగుతుంది. మూడున్నర దాటితే మొగ దగ్గర నీరు చాలదు. అక్కడ బురదలో కూర్చుంటే పాటు దాటి మళ్లీ నీరు ఎక్కేదాకా కదల్లేరు, చీకటి పడిపోతుంది, దోమలు. ఈ ప్రయాణంలో ఎక్కువసార్లు జరిగే పొరపాటు ఇదే. కారణం ఎప్పుడూ "ఇంకో పావుగంట" అన్న మాటే.

నడిచే గీత

పోటు వదిలిన చెత్త, నాచు, గుల్లలు ఒక గీతలా కనిపిస్తాయి. ఆ గీతకి నీటి వైపునే నడవండి. పైవైపు పొడి ఇసుకలో తాబేలు గుడ్లుంటాయి. ఫిబ్రవరి నుంచి ఇసుక మీదే గుడ్లు పెట్టే చిన్న ఉల్లంకులు, తీరపు రేవుపిట్టలూ ఉంటాయి. గుడ్డు ఇసుక రంగులోనే ఉంటుంది, కాలి కింద పడ్డాకే తెలుస్తుంది. ఒక చిన్న పిట్ట రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ మీ ముందు పరుగెత్తితే గూడు దగ్గరలోనే ఉందని అర్థం. వచ్చిన దారినే వెనక్కి తిరగండి.

గుంపు దగ్గర హద్దు పక్షే చెబుతుంది. నిద్రపోతున్నవి తలలు పైకెత్తితే ఆగండి. నడవడం మొదలుపెడితే పది అడుగులు వెనక్కి వేయండి. ఒకటి లేస్తే ఆలస్యమైపోయినట్టే. చలికాలం చివర అవి సైబీరియా దాకా ఎగరాలి, దానికి కావలసిన కొవ్వు ఈ బురదలోనే పోగేసుకుంటున్నాయి. రోజుకి రెండు మూడుసార్లు లేపితే ఆ లెక్క తప్పుతుంది. ఫోనులో పక్షి కూత వినిపించి పిలవడం ఇక్కడ పనికిరాదు, చేయకూడదు కూడా.

ఏం చూడాలి, దేన్ని దేనిగా పొరబడతారు

హోప్ ఐలాండ్ పేరు ఎత్తగానే పక్షులవాళ్లు అడిగేవి రెండు. మొదటిది ఇండియన్ స్కిమ్మర్. నలుపు తెలుపు ఒళ్లు, నారింజ ముక్కు, కింది ముక్కు పైదానికన్నా పొడుగు. చంబల్, మహానది లాంటి నదుల ఇసుక తిన్నెల మీద వేసవిలో గూడు పెట్టి చలికాలానికి తీరానికి వస్తుంది. నీళ్ల అంచున గాలికి ఎదురుగా ముక్కులు పెట్టి వరసగా కూర్చుంటాయి, తరచూ టెర్న్‌ల (రేవుపిట్టల) మధ్యలో. దూరం నుంచి నల్లటి గీతలా కనిపించే దాన్ని వదిలేయకుండా టెలిస్కోపు పెట్టండి.

రెండోది గ్రేట్ నాట్. చలికాలంలో అది చాలా మామూలుగా కనిపించడమే చిక్కు. బూడిదరంగు ఒళ్లు, రొమ్ము మీద చెదురు మచ్చలు, తలకన్నా కాస్త పొడుగైన ముక్కు కొసన కొద్దిగా వంపు, ఆకుపచ్చ కలిసిన బూడిద కాళ్లు. పక్కనున్న కర్ల్యూ శాండ్‌పైపర్ కన్నా చాలా పెద్దది, పొడుగు ముక్కు గాడ్‌విట్ కన్నా చిన్నది. గుంపులో ఈ మధ్య సైజు పక్షులను వేరు చేసి చూడటమే పద్ధతి.

పెద్ద వంకీ ముక్కు పక్షులు రెండు రకాలు. నెత్తి మీద లేత, ముదురు చారలుండి ముక్కు కొస దగ్గరే వంగితే వింబ్రెల్. చారలు లేకుండా ముక్కు మరీ పొడుగుగా మొదటి నుంచీ వంగి ఉంటే కర్ల్యూ. గాడ్‌విట్‌లు ఎగిరినప్పుడు తేలుతాయి: రెక్క పొడవునా తెల్ల పట్టీ ఉంటే నల్లతోకది, లేకపోతే పట్టీతోకది. టెర్న్‌లలో ఎర్రటి బండ ముక్కుతో గల్ అంత పెద్దగా ఉండేది కాస్పియన్. నల్ల ముక్కుతో పొట్టిగా దిట్టంగా ఉంటే గల్-బిల్డ్. ఇసుకరంగు, పొట్టి ముక్కు ప్లవర్ పిట్టలను తేల్చాలంటే చాలా దగ్గరగా, మంచి వెలుగులో చూడాలి. అలా కుదరకపోతే "సాండ్ ప్లవర్, ఏదో" అని రాసుకోవడంలో నామోషీ లేదు. తప్పు పేరు రాసే కంటే అదే నయం. తల పైకెత్తడం కూడా మరిచిపోకండి, గరుడపక్షులు, తెల్లపొట్ట సముద్రపు డేగ అక్కడే తిరుగుతుంటాయి. గుంపు ఉన్నట్టుండి లేచిందంటే తప్పు ప్రతిసారీ మీది కాకపోవచ్చు.

లెక్క ఒక్కొక్కటిగా పెట్టలేరు. పది పక్షులు ఎంత చోటు పడతాయో కన్ను పట్టుకుని, అంత చోటు ముక్కలు ఎన్ని ఉన్నాయో చూడండి. గుంపు పెద్దదైతే యాభై, వంద ముక్కలు. ఇద్దరు విడివిడిగా లెక్కపెట్టి తర్వాత పోల్చుకోండి. చూసిన పక్షులను నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైటులో పడవ ప్రయాణానికి ఒక జాబితా, తిప్ప దగ్గర కూర్చున్నదానికి ఇంకో జాబితా, వేరువేరుగా. జనవరి అయితే ఆసియా నీటిపక్షుల గణనకి కూడా ఈ అంకెలు ఉపయోగపడతాయి. కాలికి రంగు జెండా లేదా కడియం ఉన్న పక్షి కనిపిస్తే ఏ కాలు, మోకాలికి పైనా కిందా, ఏ రంగులు ఏ వరసలో, అక్షరాలు ఏమిటి అన్నవి చూస్తూ చూస్తూ అక్కడే రాయండి, తర్వాత గుర్తుండవు. ఆ వివరం బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపితే ఆ పక్షి ఎక్కడ కడియం వేయించుకుందో తెలుస్తుంది.

సంచిలో

మంచినీళ్లు మనిషికి నాలుగు లీటర్లు. దీవిలో మత్స్యకారుల పాకలున్నాయి కానీ వాళ్ల తాగునీరు వాళ్లకే అపురూపం, అడిగే పరిస్థితి తెచ్చుకోవద్దు. పులిహోర, ఉడికించిన గుడ్లు, అరటిపళ్లు. గొట్టం కాజా ఒడ్డుకి వచ్చాక తినండి. పాకం వేళ్లతో దుర్భిణి ముట్టుకుంటే దానికి ఇసుక అంటుకుని అద్దం గీరుకుపోతుంది. పడవ పడనివాళ్లు మాత్ర బయల్దేరడానికి గంట ముందే వేసుకోవాలి, కడుపు తిప్పాక వేసుకుంటే ఉపయోగం లేదు.

ఊగే పడవలో 8x42 దుర్భిణి నిలిచినంతగా 10x42 నిలవదు. టెలిస్కోపు ఇద్దరికి ఒకటి చాలు. దాని ముక్కాలి పీట కాళ్లు ఇసుకలో దిగిపోతూ ఉంటే అరిగిన చెప్పుల అట్టలు మూడు ముక్కలు కోసి కింద పెట్టండి. ఫోను, కెమెరా, పొడి బట్టలు ఒకదానిలో ఒకటిగా రెండు మందపాటి ప్లాస్టిక్ సంచుల్లో కట్టండి. టోపీకి గడ్డం కింద తాడు. చేతిలో పవర్ బ్యాంకు, ఫోనులో తీర రక్షక దళం నంబరు 1554. సిగ్నల్ ఉంటుందన్న భరోసాతో మాత్రం వెళ్లకండి. ఎక్కడికి పోతున్నారో, ఎన్నింటికి ఒడ్డుకి వస్తారో, ఏ సరంగుతోనో కాకినాడలో ఒకరికి చెప్పి ఉంచండి. మూడున్నరకి ఫోను రాకపోతే వాళ్లు 1554కి చేయాలి.

లాడ్జికి చేరగానే, స్నానానికి ముందే, దుర్భిణి, టెలిస్కోపు, ముక్కాలి పీట కీళ్లు మంచినీళ్లతో తడిపి పిండిన గుడ్డతో తుడవండి. అద్దాల మీద పొడిగుడ్డ పెట్టకండి, ముందు ఊదే బంతితో ఇసుక పోగొట్టి తర్వాతే తడి గుడ్డ. పీట కాళ్లు పూర్తిగా లాగి, విప్పి, రాత్రంతా ఫ్యాను కింద ఆరబెట్టండి. ఉప్పు వారంలో మరలు పట్టేస్తుంది.